ప్లాన్ 300, వచ్చేది 94: మోడెమ్, రూటర్ దగ్గర ఆగిపోయే ఇంటి నెట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో ఇళ్ళకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. పని పడితే కావలి, కందుకూరు, ఒంగోలు దాకా పోతుంటాను. ఫోన్ ఎత్తగానే వినపడే మొదటి మాట ఒకటే: "అన్నా, నెట్ శానా స్లోగా ఉండాది." రెండో మాటా ఒకటే: "ప్లాన్ పెంచమంటావా?" పెంచే ముందు గోడ మీది డబ్బాను ఒకసారి వెనక్కి తిప్పి చూడమంటాను. సోమశిల నిండుగా ఉన్నా, పొలం గట్టున తూము ఎంత వెడల్పుంటే అన్ని నీళ్ళే పారతాయి కదా. పైనుంచి ఆపరేటర్ ఎంత వదిలినా, ఇంట్లో అన్నిటికంటే ఇరుకైన తూము దగ్గర మన నెట్ కూడా అట్టాగే ఆగిపోతుంది. ఆ ఇరుకు ఎక్కడుందో వెతుక్కునేవాళ్ళు నన్ను పదేపదే అడిగినవి ఇవి.

మోడెమ్ అంటారు, రూటర్ అంటారు. మా ఇంట్లో ఉండేది ఒకటే డబ్బా. అది ఏది?

రెండూ అదే అయివుంటుంది. స్తంభం నుంచి వచ్చే సన్నటి ఫైబర్ తీగలో పారేది వెలుతురు. దాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చడం మోడెమ్ పని. ఫైబర్ పని చేసేవాళ్ళు దాన్ని ఓఎన్‌టీ అనో ఓఎన్‌యూ అనో అంటారు. వాడుకలో మోడెమ్ అని స్థిరపడింది కాబట్టి నేనూ అట్టాగే రాస్తాను. వచ్చిన ఒక్క కనెక్షన్‌ను ఫోన్లకూ టీవీకీ ల్యాప్‌టాప్‌కూ పంచడం రూటర్ పని. ఇప్పుడు ఇస్తున్న డబ్బాల్లో చాలావరకు ఈ రెండు పనులూ ఒక్కటే చేస్తోంది. కొన్ని ఇళ్ళలో మాత్రం ఆపరేటర్ చిన్న మోడెమ్ ఒకటి బిగించి, దాన్నుంచి వైరు లాగి విడిగా రూటర్ పెట్టి ఉంటాడు. అప్పుడు అనుమానించాల్సిన తూములు రెండు, మధ్యలో వైరుతో కలిపి మూడు.

తప్పు లైన్‌దా, డబ్బాదా, నా ఫోన్‌దా? ఎట్టా తెలిసేది?

ఒక ల్యాప్‌టాప్, ఒక నెట్ వైరు ఉంటే పావుగంటలో తేలిపోతుంది. ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా మోడెమ్‌కు పెట్టండి. విడిగా రూటర్ ఉండి, కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అందులోనే ఎక్కించి ఉంటే మాత్రం రూటర్ పోర్టుకే (వైరు గుచ్చే రంధ్రానికే) పెట్టుకోండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. ఇది మరిచిపోయేవాళ్ళు చాలామంది. వైరు తగిలించి, వైఫై మీదే టెస్ట్ చేసి, "వైరు మీద కూడా ఇంతే వస్తోంది" అని నాకు చెప్తారు. ఇంట్లో టీవీ, కెమెరాలు, పిల్లల ఫోన్లు ఆ కాసేపు ఆపండి. ఊక్లా స్పీడ్‌టెస్ట్‌లోనో, ఫాస్ట్ డాట్ కామ్‌లోనో మూడుసార్లు పెట్టి చూడండి. వచ్చే అంకె ఎంబీపీఎస్‌లో ఉంటుంది, అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లన్నది. ప్లాన్ 300 అన్నా అదే కొలత.

ఇప్పుడు అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే, ఎట్టా ప్రవర్తించిందో చూడటం ముఖ్యం. పొద్దున, రాత్రి, ఎప్పుడు పెట్టినా ఒకే అంకె దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోతుంటే అది ఏదో పరికరం పరిమితి. ఒకసారి 180, ఇంకోసారి 35, మళ్ళీ 120 అంటూ ఊగుతుంటే అది రద్దీ గానీ, సిగ్నల్ గానీ. వైరు మీద ప్లాన్ స్పీడ్ పూర్తిగా వస్తుంటే ఆపరేటర్‌కు ఫోన్ చేసి ప్రయోజనం లేదు, తప్పు మీ వైఫైదో ఫోన్‌దో.

ల్యాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని రూటర్‌కు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడండి. సెట్టింగ్స్‌లో మీ వైఫై పేరు మీద నొక్కితే చాలా ఫోన్లలో "లింక్ స్పీడ్" అని ఒక అంకె కనపడుతుంది. ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య కుదిరిన ఒప్పందం అది. నిజంగా చేతికి వచ్చేది అందులో సగం, కాస్త అదృష్టం ఉంటే అరవై శాతం.

300 ప్లాన్ వేయించుకున్నాం. ఎన్నిసార్లు పెట్టినా 93, 94 దగ్గరే ఆగుతోంది. ఏంది ఈ 94?

నాకు వచ్చే ఫోన్లలో నేను చూడకుండానే జవాబు చెప్పగలిగే ప్రశ్న ఇదొక్కటే. 90కీ 95కీ మధ్య కదలకుండా నిలబడిపోయిందంటే, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఒకటి ఉంది. దీన్ని ఫాస్ట్ ఈథర్నెట్ అంటారు. పేరులో ఫాస్ట్ ఉంది గానీ ఆ పేరు పెట్టింది 1990లలో. వెళ్ళే ప్రతి ప్యాకెట్‌కూ (డేటా ముక్కకూ) ముందూ వెనకా అడ్రసు వగైరా తగిలించాలి కాబట్టి 100లో కొంత దానికే పోయి, మనకు 94 దాకా మిగులుతుంది. అదే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టయితే 940 దాకా రావాలి.

ఆ 100 ఎక్కడుందో వెతకాలి. మోడెమ్ వెనక పోర్టు పక్కన "జీఈ" అని గానీ "గిగా" అని గానీ రాసి ఉంటే అది గిగాబిట్. "ఎఫ్‌ఈ" అని ఉంటే 100. కొన్ని మోడెమ్‌లకు నాలుగు పోర్టులు ఉంటాయి, అందులో ఒక్కటే గిగాబిట్. రూటర్ వైరు పక్క పోర్టులో ఉందంటే ఇంటిల్లిపాదికీ 94 మాత్రమే. ఒక ఇంట్లో ఇట్టాగే రెండేళ్ళపాటు 300కు డబ్బు కట్టారు. నేను చేసిందల్లా వైరు తీసి పక్క రంధ్రంలో పెట్టడం. ఆ ఇంటాయన ముఖంలో సంతోషం కంటే కోపమే ఎక్కువ కనపడింది.

పోర్టులన్నీ గిగాబిట్ అయినా 94 దగ్గరే ఉంటే వైరును పట్టుకోండి. నెట్ వైరులో ఎనిమిది సన్న తీగలు, నాలుగు జతలుగా మెలేసి ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. 100కు అక్కర్లేని ఆ రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, కొనకు బిగించిన ప్లగ్గులో వాటి పిన్ను ఒక్కటి సరిగ్గా కొరకకపోయినా, రెండు డబ్బాలూ చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. నెట్ ఆగదు, లైటు ఎర్రగా మారదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మా ఇంట్లోనే పడకగది తలుపు కింద నలిగిన వైరు వల్ల వారం రోజులు ఆపరేటర్‌ను తిట్టుకున్నాను. రోజూ ఊళ్ళోవాళ్ళకు చెప్పే మాట నా ఇంట్లో నాకే తట్టలేదు.

విండోస్ ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్నెట్‌లోకి వెళ్తే లింక్ స్పీడ్ 1000 అనో 100 అనో చూపిస్తుంది. 100 ఉంటే వైరు మార్చి చూడండి. వైరు మీద క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ ముద్రించి ఉండాలి. చౌకగా దొరికేవాటిలో అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి ఉంటాయి. మిద్దె మీదుగా ఎండలో లాగితే అవి ఎక్కువ కాలం నిలబడవు, రాగిదే అడిగి తీసుకోండి.

ఇంకొక కారణం మన తీరానికి బాగా తెలిసిందే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలంలో దగ్గర్లో పిడుగు పడితే, పొడవాటి రాగి వైరు వెంబడి వచ్చిన దెబ్బకు పోర్టు పూర్తిగా చావకుండా సగం చస్తుంది. నిన్నటిదాకా 1000 చూపిన పోర్టు ఈరోజు 100, ఒక్కోసారి 10 చూపిస్తుంది. డబ్బా మార్చడమే దారి. ఉరుములు మొదలైనప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు బయటినుంచి వచ్చే రాగి నెట్ వైరును కూడా పీకేయండి.

స్పీడ్‌టెస్ట్‌లో 100 వస్తోంది, ఫైలు మాత్రం 12 మీదే దిగుతోంది. మోసమా?

మోసం లేదు. ప్లాన్‌ను బిట్లలో చెప్తారు, ఫైలును బైట్లలో కొలుస్తారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 100ను 8తో భాగిస్తే 12.5.

మా వైఫై రెండు పేర్లతో కనపడుతోంది, ఒకదాని చివర "5జీ" అని ఉంది. నా ఫోన్ 4జీదే, కలుస్తుందా?

కలుస్తుంది. సిమ్ 5జీకీ దీనికీ సంబంధమే లేదు. సిమ్‌లో 5జీ అంటే ఐదో తరం. వైఫై పేరులో 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్ తరంగాలు. ఈ పేరు పెట్టినవాళ్ళను పిలిచి అడగాలనుంది నాకు. 5జీ ఫోన్ లేదు కదా అని మంచి దారిని వదిలేసి ఇరుకు దారిలో పోతున్న ఇళ్ళు ఎన్నో చూశాను. పాత, చౌక ఫోన్లలో కొన్నిటికి 5 గిగాహెర్ట్జ్ పట్టే శక్తి ఉండదు. వాటికి ఆ పేరు అసలు కనపడదు. కనపడిందంటే మీ ఫోన్‌కు ఆ శక్తి ఉన్నట్టే, అందులోకి మారండి.

రూటర్ మీద 300 ఎంబీపీఎస్ అని రాసి అమ్మారు. ఫోన్‌లో 40 దాటదు. ఎందుకు?

ఆ 300 రావాలంటే రూటర్‌కు రెండు యాంటెన్నాలు, ఫోన్‌కూ రెండు యాంటెన్నాలు, రెట్టింపు వెడల్పు ఛానెల్, చుట్టుపక్కల ఇంకో వైఫై లేకుండా ఖాళీ గాలి, ఇన్ని కలిసిరావాలి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో అపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఖాళీ గాలి కావాలంటే కుదిరేది కాదు. ఫోన్ తెరిస్తే ఇరవై వైఫైల పేర్లు కనపడతాయి. అవన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి అరుచుకుంటూ ఉంటాయి. అక్కడ ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. ఇరుకును చూసి రూటర్ మామూలు వెడల్పుకు దిగుతుంది. ఒక్క యాంటెన్నా ఉన్న ఫోన్‌కు అప్పుడు కుదిరే లింక్ స్పీడ్ 72. అందులో సగం చేతికొస్తే 35, 40. మీ 40 సరిగ్గా అదే.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ. 2018 అక్టోబరులో మన ప్రభుత్వం ఆ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని తేల్చింది. 2.4లో మొత్తం కలిపినా 100 లోపే. వైఫై 5 రకం (ఐదో తరం వైఫై, డబ్బా మీద "ఏసీ" అని రాసేది) రూటర్‌తో, ఒక్క యాంటెన్నా ఉన్న ఫోన్‌కే 433 లింక్ స్పీడ్ కుదురుతుంది. చేతికి 200 పైన వస్తుంది. కాబట్టి 100 దాటిన ప్లాన్ తీసుకుని 2.4 మాత్రమే ఉన్న రూటర్ వాడటం దండగ.

ఎవరూ చూడని ఇంకో మూల ఉంది. పాత రూటర్‌లో వైఫై సెక్యూరిటీ దగ్గర "టీకేఐపీ" అని గానీ "వెప్" అని గానీ ఉంటే, కొత్త వేగాలను వైఫై నియమాలే ఒప్పుకోవు. ఎంత మంచి ఫోన్ పెట్టినా లింక్ 54 దగ్గర ఆగుతుంది. దాన్ని "డబ్ల్యూపీఏ2, ఏఈఎస్" అని మార్చండి. ఒక్క నిమిషం పని. సెక్యూరిటీ కూడా బాగుపడుతుంది.

మరి "ఏసీ 1200" అని రాసున్నది కొంటే 1200 వస్తుందా?

రాదు. 2.4లో 300, 5లో 867, రెండూ కూడి గుండ్రంగా 1200 అని రాస్తారు. ఒక ఫోన్ ఒకసారికి సాధారణంగా ఒకదాన్నే వాడుతుంది. దాని కంటే ఘోరం, ఏసీ 1200 అని రాసి వెనక పోర్టులన్నీ 100వే పెట్టిన రూటర్లు ఉన్నాయి. ఇంటి గుమ్మం విశాలంగా కట్టి, వీధి చివర సందు ఇరుకుగా పెట్టినట్టు. అట్టపెట్టె మీద పెద్ద అంకెను వదిలేసి, చిన్న అక్షరాల్లో "గిగాబిట్ వాన్ పోర్ట్" (బయటినుంచి నెట్ వచ్చే వైరు గుచ్చే పోర్టు) అని ఉందేమో చూడండి.

రూటర్ కొత్తది, పోర్టులూ గిగాబిట్టే. 500 ప్లాన్‌లో వైరు మీద కూడా 200 దాటట్లేదు.

అప్పుడు అనుమానం రూటర్ మెదడు మీద. పీపీపీఓఈ, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిపే పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌నూ విప్పి మళ్ళీ కట్టాలి. మంచి రూటర్లలో ఈ పనికి చిప్‌లోనే విడిగా దారి ఉంటుంది. మీరు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి క్యూఓఎస్ (ఎవరికి ముందు నెట్ ఇవ్వాలో చెప్పేది), ట్రాఫిక్ లెక్క, పిల్లల కంట్రోల్ లాంటివి ఆన్ చేస్తే, చాలా రూటర్లు ఆ దారి మూసేసి ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ చేతే లెక్కపెట్టిస్తాయి. వేగం సగానికి పడిపోతుంది. వాటిని ఆపి మళ్ళీ టెస్ట్ చేయండి. పెరిగితే కారణం దొరికినట్టే. ఆఫీసు పని కోసం వీపీఎన్ (నెట్‌ను ఇంకో సర్వర్ మీదుగా తిప్పే యాప్) పెట్టుకుని టెస్ట్ చేసి కంగారుపడేవాళ్ళూ ఉన్నారు. ముందు దాన్ని తీసి చూడండి.

ముందు గదిలో బ్రహ్మాండం. వెనక గదిలో, మిద్దె మీద రానే రాదు. రిపీటర్ కొననా?

ముందు డబ్బా ఎక్కడుందో చెప్పండి. ఆపరేటర్ కుర్రాడు వైరు ఆదా అవుతుందని కిటికీ పక్కనే బిగించి పోతాడు. అక్కడి నుంచి సగం వైఫై వీధికే. ఇంకొందరు టీవీ వెనక, బీరువా పక్కన, ఫ్రిజ్ మీద పెడతారు. ఇనుము, అద్దం, నీళ్ళు, ఈ మూడూ వైఫైకి శత్రువులు. చేపల తొట్టి పక్కన రూటర్ పెట్టిన ఇంటికి కూడా వెళ్ళాను. స్లాబులో ఇనుప చువ్వలుంటాయి కాబట్టి కింది రూటర్‌తో మిద్దె మీద నెట్ రావాలనుకోవడం అత్యాశ. పాతకాలపు మందపాటి సున్నపు గోడలు, మార్కాపురం వైపు రాతి గోడల ఇళ్ళు మరీ కష్టం. 5 గిగాహెర్ట్జ్ వేగమే గానీ గోడ దాటడంలో 2.4 కంటే బలహీనం. రూటర్‌ను ఇంటి నడిమధ్య, తలెత్తు కంటే కొంచెం పైన, ఏ గుడ్డా కప్పకుండా పెట్టండి. టీవీకి కప్పినట్టు దీనికీ లేసు గుడ్డ కప్పిన అత్తయ్యలున్నారు.

చౌక రిపీటర్‌కు నేను వ్యతిరేకం. అది ఒకే రేడియోతో వింటుంది, అదే రేడియోతో మళ్ళీ చెప్తుంది. వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు. వేగం సగం అక్కడే పోతుంది. గీతలు నిండుగా కనపడతాయి, వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మిద్దె మీదకు ఒక వైరు లాగి, పైన ఇంకో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (వైఫై మాత్రమే ఇచ్చే డబ్బాగా) పెట్టండి. ఇంట్లో మూలపడ్డ పాత రూటర్ కూడా చాలావరకు పనికొస్తుంది. వైరు లాగే వీలే లేకపోతే అప్పుడు మెష్, అంటే వైఫైలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డబ్బాల సెట్.

రాత్రి ఎనిమిదైతే చాలు, నెట్ పడిపోతుంది. ఇది కూడా రూటరేనా?

కాదు. రూటర్‌కు గడియారం చూసే అలవాటు లేదు. మన ఇళ్ళకు ఎక్కువగా వచ్చే జీపాన్ ఫైబర్‌లో ఒక తీగ మీద కిందికి సుమారు 2,488, పైకి 1,244 ఎంబీపీఎస్ వస్తుంది. దాన్ని 32, ఒక్కోచోట 64 ఇళ్ళకు పంచుతారు. అందరూ భోజనాలు చేసి ఫోన్లు పట్టుకునే వేళ అక్కడో, ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న కెపాసిటీ దగ్గరో ఇరుకవుతుంది. పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వైరు మీద టెస్ట్ పెట్టి స్క్రీన్‌షాట్లు దాచండి. పొద్దున 190, రాత్రి 25 ఉంటే కొత్త రూటర్ కొని డబ్బు పారేసుకోకండి. నెలాఖరులో మాత్రమే స్లో అవుతుంటే డేటా పరిమితి దాటిందేమో చూడండి. అన్‌లిమిటెడ్ అని పిలిచే ప్లాన్లలో కూడా చాలావాటికి నెలకు 3,300 జీబీ లాంటి గీత ఒకటి ఉంటుంది.

ఆపరేటర్ కుర్రాడు వచ్చి "పవర్ తక్కువుంది" అని పోయాడు. కరెంటా?

వెలుతురు పవర్. బ్రౌజర్‌లో తెరిచే మోడెమ్ సెట్టింగ్స్ పేజీలో దాన్ని మైనస్ అంకెలో చూపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరకు పోయిందంటే మామూలు మోడెమ్‌కు అది అంచు. నెట్ తెగుతూ, కలుస్తూ ఉంటుంది. పూర్తిగా పోతే ఎర్ర లైటు వెలుగుతుంది. బీరువా వెనక తీగ మడతపడినా, కనెక్టర్‌లో దుమ్ము చేరినా ఇట్టా అవుతుంది. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ మొదలుకొని చాలా ఫైబర్లు కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్ళకు వస్తాయి కాబట్టి, గాలివానకు కొమ్మ పడినా అంతే. మీరు చేయగలిగింది మడత సరిచేయడం వరకే. కనెక్టర్ పీకి ఊదకండి, కొనలోకి కన్ను పెట్టి చూడకండి.

ఎండాకాలం మధ్యాహ్నం డబ్బా దానంతటదే ఆగి ఆన్ అవుతోంది.

మే నెలలో బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు రేకుల గదిలో, మూసిన అల్మారాలో రూటర్ లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. ఇంటి రూటర్లను ఎక్కువగా 40 డిగ్రీల వేడి వరకు పనిచేసేలా తయారుచేస్తారు. సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టినదాన్ని తీసి గోడకు తగిలించండి. వెనక గాలి ఆడాలి. తర్వాత అడాప్టర్ చూడండి. డబ్బా కింద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటే, మీరు పెట్టినది 12 వోల్టులు, 0.5 ఆంపియర్లది కాకూడదు. పాతది కాలిపోతే ఇంట్లో ఏది దొరికితే అది పెట్టేస్తారు. మామూలుగా పని చేస్తుంది, నలుగురు వాడగానే చతికిలబడుతుంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు. ఆమధ్య ఒక రూటర్ విప్పితే లోపల బల్లి గుడ్లు పెట్టి ఉంది. స్లోకు అది కారణమని నిరూపించలేను గానీ, శుభ్రం చేశాక బాగానే నడిచింది.

రీస్టార్ట్, రీసెట్ ఒకటేనా?

కాదు బాబూ కాదు. రీస్టార్ట్ అంటే ప్లగ్గు తీసి అర నిమిషం ఆగి పెట్టడం. వారానికొకసారి చేసినా తప్పులేదు. రీసెట్ అంటే వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కడం. అందులోని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు (ఆపరేటర్ మీ లైన్‌కు ఇచ్చే గుర్తు) అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. సంక్రాంతికి ఇంటికొచ్చిన మా బావమరిది "నేను చూస్తా ఉండు బావా" అని పిన్ను పెట్టాడు. ఆపరేటర్ ఆఫీసుకు పండగ సెలవు. కనుమ దాటేదాకా ఇంటిల్లిపాదీ నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే బతికారు.

ముత్తుకూరు దగ్గర రొయ్యల చెరువుల మీద ఆరు కెమెరాలు పెట్టాం. అప్పట్నుంచి అక్కడి ఇంట్లో నెట్ పాకుతోంది.

అందరూ డౌన్‌లోడ్ చూస్తారు, కెమెరాలు తినేది అప్‌లోడ్. ఒక్కో కెమెరా క్లౌడ్‌కు పంపేది 2 నుంచి 4 ఎంబీపీఎస్. ఆరూ కలిపి 20 దాకా పోతుంది. మీ లైన్ పైకి పంపగలిగేదే 20 అయితే ఇక మిగిలేదేమీ లేదు. అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా ఎందుకు నిలబడుతుందంటే, మనం తెచ్చుకునే ప్రతి ముక్కకూ "అందింది" అని పైకి కబురు పోవాలి. ఆ కబుర్లు కెమెరా వీడియోల వెనక వరసలో నిలబడతాయి. కెమెరాలను రికార్డర్‌కు కలిపి అక్కడే హార్డ్ డిస్కులో దాచండి, మనిషి కదిలినప్పుడు మాత్రమే పైకి పంపేలా పెట్టండి. చెరువు గట్టున ఫైబర్ లేక సిమ్ రూటర్ వాడుతుంటే దానికీ తరగతులున్నాయి. క్యాటగిరీ 4 రకం అయితే, టవర్ పక్కనే ఉన్నా కిందికి 150, పైకి 50 దాటదు. ఉదయగిరి, కనిగిరి వైపు సిమ్ రూటర్ కొనేవాళ్ళు కూడా ఈ అంకె అడిగి కొనండి. సముద్రం గాలికి ప్లగ్గులు తుప్పు పడతాయి, ఆరునెలలకోసారి చూసుకోండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి "డాక్సిస్ 3.1 మోడెమ్ కొనండి నాన్నా" అంటున్నాడు.

అబ్బాయి చెప్పేది అక్కడికి సరైన సలహా. అక్కడ చాలా ఇళ్ళకు నెట్ వచ్చేది కేబుల్ టీవీ తీగలోంచి. ఆ మోడెమ్‌ల పద్ధతి పేరు డాక్సిస్. పాత 3.0 మోడెమ్ ఎనిమిది ఛానెళ్ళది అయితే 300 చిల్లర దగ్గర ఆగుతుంది, అందుకే అక్కడ మోడెమ్ మార్చుకోమంటారు. మీ ఇంటికి వచ్చేది ఫైబర్ అయితే ఆ మోడెమ్ దేనికీ పనికిరాదు. పాత టెలిఫోన్ తీగ మీద నెట్ వాడేవాళ్ళకూ అంతే. అక్కడ పద్ధతి ఏడీఎస్ఎల్. బాగా నడిచినా 24 దాటదు, ఎక్స్ఛేంజ్ దూరమయ్యేకొద్దీ తగ్గుతుంది. వాళ్ళు మోడెమ్ మార్చడం కాదు, వీధిలో ఫైబర్ ఉంటే దానికి మారడం మేలు.

ఆపరేటర్ ఇచ్చిన డబ్బా తీసేసి నాకు నచ్చింది పెట్టుకోవచ్చా?

రూటర్ భాగం మీ ఇష్టం. మోడెమ్ భాగం మాత్రం దాని సీరియల్ నంబరుతో ఆపరేటర్ దగ్గర నమోదై ఉంటుంది. కొత్తది కొని తగిలిస్తే లైటు వెలగొచ్చు, నెట్ రాదు. వాళ్ళే ఎక్కించాలి. నేను ఎక్కువగా చేసేది ఏంటంటే, ఆపరేటర్ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి మోడెమ్‌గా మాత్రమే ఉండేలా) పెట్టమని అడిగి, దాని వైఫై ఆపేసి, వెనకే మంచి రూటర్ పెడతాను. వాళ్ళు ఒప్పుకోకపోతే మీ రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. రెండూ రూటర్లుగా ఉండి ఒకదాని వెనక ఒకటి పనిచేస్తే ఆటలు, కెమెరాలు చికాకు పెడతాయి.

ఇంతకీ ప్లాన్ పెంచాలా వద్దా?

నెట్‌ఫ్లిక్స్ తన 4కే వీడియోకు అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. ఇద్దరు పిల్లలు, ఒక టీవీ, ఇంటి నుంచి పని చేసే ఒకరు ఉన్న ఇంటికి, వైఫై సరిగ్గా ఉంటే 100 సరిపోతుందని నా అభిప్రాయం. చాలా స్మార్ట్ టీవీల వైరు పోర్టు 100దే, 500 ప్లాన్ పెట్టినా దానికి తేడా తెలియదు. మిగిలిన డబ్బుతో 5 గిగాహెర్ట్జ్, గిగాబిట్ పోర్టులు ఉన్న రూటర్ ఒకటి కొనండి. వైఫై 6 అయితే ఇంకా మంచిది.

అన్నీ చూశాం, వైరు మీద కూడా రావట్లేదు. ఆపరేటర్ "మీ రూటరే" అంటూ తప్పించుకుంటున్నాడు.

వాట్సాప్‌లో తిట్టుకుంటే పని జరగదు. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి దాని డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. మోడెమ్‌కు నేరుగా వైరు పెట్టి తీసిన స్క్రీన్‌షాట్లు తేదీ, టైముతో సహా జత చేయండి. రూటర్ మీద నెపం వేయడానికి అప్పుడు వీలుండదు. తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, డాకెట్ నంబరుతో వాళ్ళకు రాయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు కాబట్టి అక్కడికి రాసి ఎదురుచూడకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంకొక్క మాట: 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి, అంతకుముందు అది 512 కేబీపీఎస్. "2 వస్తోంది కదా, నియమం ప్రకారం చాలు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది బ్రాడ్‌బ్యాండ్ అనే పేరుకు పెట్టిన గీత. మీరు డబ్బు కట్టింది బిల్లు మీద ఉన్న అంకెకు.